ట్యాంకు అడుగున నీళ్లు

అల్లూరు,
8 ఏప్రిల్ 1963.

మామగారికి,

అల్లుడు గంగాధరం దండం పెట్టి రాసేది. ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. గురవమ్మకు దగ్గు తగ్గింది. చిన్న అంకాలుకు నాలుగు పళ్లు వచ్చాయి, ఆ నాలుగింటితోనే ఇంటిల్లిపాదినీ కరుస్తోంది. నిన్న ఇంటికి నాలుగో ప్రాణి ఒకటి వచ్చింది, అసలు బాగాలేనిది దానికే. అది ఎవరో చెబితే మీరు లేచి వలలు సర్దుకోవడానికి పోతారేమో. తిమోతి పంతులు గారు చదివి వినిపించేదాకా దయచేసి కూర్చోండి.

వచ్చింది పద్మనాభయ్య గారి జీపు. అదే, మీరు తోలినదే. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు వేలం వేస్తే ఆయన మద్రాసు పోయి కొనుక్కొచ్చిన ఆ పచ్చ జీపు. మీరు మానేశాక వచ్చిన డ్రైవర్లు ఇద్దరూ దాన్ని మైలుకొకసారి ఆపి, కార్బురేటరు ఊది ఊది నోళ్లు చేదు చేసుకుని వెళ్లిపోయారు. తరువాత ఉప్పు కొఠారు షెడ్డులో పడేశారు. డ్రైవరు సీటు మీద కోడి ఒకటి పొదిగి పిల్లల్ని లేపిందట. నిన్న రెండు ఎడ్లను కట్టి ఈడ్పించుకొచ్చి నా షెడ్డు ముందు నిలబెట్టారు.

పద్మనాభయ్య గారు కూడా వెనకే వచ్చారు. మనిషి కొంచెం వంగాడు గాని గొంతు వంగలేదు. "ఒరే గంగాధరం, ఇసకపల్లిలో కొత్త ఉప్పుమళ్లు వేలంపాటలో పాడినా. రోజూ పొయ్యి రావాల. నెలలోగా దీన్ని నడిపించియ్యి. డ్రైవర్ను గూడా నువ్వే చూడు. చిన్నపోలయ్య తప్ప ఎవుడైనా సరే" అన్నారు. మీరు నాకు పిల్లనిచ్చిన మామ అని తెలిసే, నా మొహం చూసే ఆ మాట అన్నారు. నేను పానా తుడుచుకుంటూ నిలబడ్డాను. నా షెడ్డు ఉన్నది ఆయన స్థలంలో. ఆయన పొమ్మంటే రేకులు, పానాలు నెత్తిన పెట్టుకుని పోవడమే. అయినా అందుకని నోరు మూసుకున్నానని అనుకోకండి. ఇంకో కారణం ఉంది. అది ఈ ఉత్తరంలో రాసేది కాదు.

ఇంజను చెడలేదు, చేత్తో తిప్పితే తిరుగుతోంది. జబ్బంతా ట్యాంకులోనే ఉంది. సీటు లేపి మూత తీసి కడ్డీ పెట్టి చూస్తే ఎర్రమట్టిలో దించినట్టు వచ్చింది. గొట్టంలో తుప్పు, జల్లెడలో తుప్పు. కొత్త ట్యాంకు మద్రాసులో కూడా దొరకదంటున్నారు. ఉన్నదాన్నే కడగాలి. మీరు మిలిటరీలో ఉన్నప్పుడు బర్మా దారిలో ట్యాంకులు ఎలా కడిగేవాళ్లో ఒకసారి చెప్పారు, నేనే సరిగ్గా వినలేదు. వివరంగా రాయించండి.

మీరు ప్రతి ఉత్తరంలో అడిగే ప్రశ్నకు ముందే జవాబు రాస్తున్నాను. నా షెడ్డులో పెట్రోలు పీపా పడుకునే ఉంది. రెండు దుంగల మధ్య కదలకుండా పెట్టాను, నిలబెట్టలేదు. కూతురు ఎలా ఉందని అడగడం మరిచిన ఉత్తరాలున్నాయి గాని పీపా పడుకుందా నిలబడిందా అని అడగని ఉత్తరం ఒక్కటీ లేదు. మా నాయనకు నాకంటే ఆ పీపాయే ముద్దు అని గురవమ్మ నవ్వుతుంది.

అత్తమ్మకు నా దండాలు చెప్పండి.

ఇట్లు మీ అల్లుడు,
గంగాధరం.


అల్లూరు,
21 ఏప్రిల్ 1963.

మామగారికి,

గంగాధరం దండం పెట్టి రాసేది. ఈ ఉత్తరం తిమోతి పంతులు గారి చేత చదివించుకోవద్దు. ఎంతసేపు పట్టినా మీరే కూడబలుక్కుని చదవండి. అందుకే అక్షరాలు పెద్దవిగా, విడివిడిగా రాస్తున్నాను. అత్తమ్మకు కూడా మీరు చదివాకే చెప్పండి.

మీరు రాయించిన ఉత్తరం అందింది. రెండు వైపులా ట్యాంకు గురించే ఉంది. పద్మనాభయ్య గారు అన్న మాట గురించి మీరు ఒక్క ముక్కా రాయించలేదు. చివర్లో మాత్రం పీపా సంగతి అడిగారు.

మీరు చెప్పినట్టే ట్యాంకు దింపాను. పాత పెట్రోలు అడుగు బిరడా తీసి పారబోశాను, వార్నీషు కంపు కొట్టింది. ఆవిరి పోయేదాకా నీళ్లు నింపడం, ఒంపడం నాలుగుసార్లు చేశాను. పద్మనాభయ్య గారు చుట్ట నోట్లో పెట్టుకుని చూడ్డానికి వస్తే, ఆయన స్థలంలోంచి ఆయన్నే బయటికి పంపించాను. తరువాత కిరసనాయిలు పోసి, గులకరాళ్లు వేసి ఊపమన్నారు. మీరు బర్మా కొండల్లో ఉండి చెప్పినట్టు చెప్పారు గాని మామా, అల్లూరులో గులకరాయి ఎక్కడుంది? కాలు పెడితే ఇసక, కాదంటే బురద. కాబట్టి గురవమ్మ సముద్రం ఒడ్డుకు పోయి గంపెడు గుల్లలు ఏరుకొచ్చింది. గట్టి గుల్లలే, అంచులు బాగా గీకుతాయి. ఊపడానికి చిన్న అంకాలు ఉయ్యాల విప్పి, దాని తాళ్లకే ట్యాంకును కట్టి దూలానికి వేలాడదీశాం. గురవమ్మ చేప కోస్తూ కాలితో ఊపుతుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి, బిడ్డ బరువుగా ఉండాదే, ఎవరి పోలిక అని ఎగతాళి చేస్తున్నారు. రెండు రోజులు ఊపాక ఒంపితే ఇటుక పొడి కలిపినట్టు ఎర్రగా వచ్చింది.

అప్పుడు అద్దం ముక్కతో ఎండను లోపలికి కొట్టి చూశాను. అడుగున, మూలల్లో, తుప్పు పెచ్చుల మధ్య తెల్లగా గీత కట్టి ఉంది. కడ్డీతో గీకి నాలిక మీద వేసుకున్నాను. ఉప్పు.

నాకది కొత్త సంగతి కాదు. ఆ ఉప్పు అక్కడికి ఎలా వచ్చిందో లోకంలో నాకొక్కడికే తెలుసు. ఆరేళ్లుగా చెప్పాలనుకుంటూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

నేను మీ కింద క్లీనరుగా ఉన్న రోజులు, 57లో కార్తీకం గాలివాన వెలిసిన నాలుగో రోజు. మరునాడు పొద్దున నెల్లూరులో కొఠార్ల వేలంపాట, పద్మనాభయ్య గారిని తీసుకుపోవాలి. బండి నిండా బురద. కడగమని, పెట్రోలు పోసి పెట్టమని నాకు చెప్పి మీరు ఇంటికి వెళ్లారు. మనకు మిలిటరీ డబ్బాలు రెండు ఉండేవి. ఎర్ర రంగు పూసినది పెట్రోలుకు, రంగు లేనిది నీళ్లకు. ఎర్రదాన్ని నీళ్లకు ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానని మీరు నూరుసార్లు చెప్పారు. ఒక్క డబ్బాతో ఉప్పుకాలువ దగ్గరికి ఎన్నిసార్లు తిరుగుతాంలే అని ఆ సాయంత్రం నేను రెండూ తీసుకుపోయాను. బండి కడిగాను. తరువాత ఎర్ర డబ్బాలోకి పీపాలోంచి పంపుతో పెట్రోలు కొట్టి ట్యాంకులో పోశాను. దాని అడుగున కాలువ నీళ్లు మిగిలాయేమో చూడలేదు. చివరి చుక్కలు నా చేతి మీద పడ్డాయి. పెట్రోలైతే చల్లగా తగిలి ఇట్టే ఆరిపోతుంది. ఇది ఆరలేదు. అప్పుడు తెలిసింది.

మీ ఇంటికి పరుగెత్తుకొచ్చి చెప్పి ఉంటే సరిపోయేది. మీరు రెండు తగిలించి, బిరడా తీసి నీళ్లు ఒంపేసేవాళ్లు. భయపడ్డాను. పొద్దున్నే చెబుదాం అనుకున్నాను. పొద్దున నేను వచ్చేసరికి బండి స్టార్టు అయి ఉంది, అయ్యగారు ఎక్కి కూర్చున్నారు. వెనక ఎక్కి, దేవుళ్లకు మొక్కుకుంటూ కూర్చున్నాను.

ఆరు మైళ్లు పోయాక బండి ఆగింది. మీరు బిరడా తీస్తే చెంబు నిండా నీళ్లే. మీరు అందులో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని ఉమ్మేశారు. ఉప్పు తగిలింది, కాలువ నీళ్లని తెలిసిపోయింది, ఇప్పుడు వెనక్కి తిరిగి నన్ను చూస్తారు అనుకున్నాను. మీరు తిరగలేదు. తల వంచుకుని చెంబు వంకే చూస్తూ నిలబడ్డారు. మనం చేరేసరికి పాట అయిపోయింది. పద్మనాభయ్య గారి చేతిలోంచి కొఠార్లు జారిపోయాయి. మరునాడు అందరినీ పిలిపించి, పెట్రోలు అమ్ముకోని నీళ్లు పోసినాడు దొంగ అన్నారు. మీరు ఒక్క మాట అనలేదు. నేను ముందుకొచ్చి, "చిన్నపోలయ్య మామ దొంగ కాదయ్యా. నాది పూచీ" అన్నాను. ఎందుకంటే నాకు తెలుసు కాబట్టి. ఆ తరువాతి మాట నోట్లోనే ఉండిపోయింది.

ఊరంతా ఆ సగం మాటనే మెచ్చుకుంది. మీరు వలలు, సామాను సర్దుకుని తడ దగ్గర సరస్సు ఒడ్డుకు వెళ్లిపోయారు. మూడేళ్ల తరువాత నన్ను పిలిపించి పిల్లనిచ్చారు. పెళ్లిలో నా భుజం మీద చెయ్యి వేసి, ఊరంతా వేలెత్తి చూపిన నాడు నా పక్కన నిలబడింది వీడొక్కడే అని అందరికీ చెప్పారు. ఆ పెళ్లి భోజనం నాకు గొంతు దిగలేదు మామా. నేను చేసిన తప్పు మీ నెత్తిన పడితే, దానికి నాకు కూతుర్ని బహుమానంగా ఇచ్చారు.

గురవమ్మకు ఇంకా చెప్పలేదు. ఆ వేలు నోట్లో పెట్టుకున్నప్పుడు మీకు తెలిసిందా లేదా అని ఆరేళ్లుగా అడగాలని ఉంది. తెలిసే నన్ను కాపాడారా? జీపు అప్పగించేటప్పుడు పద్మనాభయ్య గారితో జరిగింది చెప్పేస్తాను. మీ మీద ఉన్న దొంగ అనే పేరు తీసేయాలి. ఆయనకంటే ముందు మీకు చెప్పకపోతే తప్పు కాబట్టి రాస్తున్నాను. తిడితే తిట్టండి. మీ జవాబు కోసం చూస్తుంటాను.

ఇట్లు,
గంగాధరం.


అల్లూరు,
3 మే 1963.

మామగారికి,

గంగాధరం దండం పెట్టి రాసేది. నా ఉత్తరం రాసి పన్నెండు రోజులైంది. మీ నుంచి జవాబు లేదు. పోస్టు చిన్నయ్య వచ్చినప్పుడల్లా నేనే ఎదురు పోతున్నాను. ఎవరు రాస్తారని ఇంత ఆత్రం అని ఆయన అడుగుతున్నాడు.

గురవమ్మకు చెప్పేశాను. ఉయ్యాల ఊపుతూ, మా నాయన బండి ట్యాంకుకు నేను లాలిపాట పాడాల్సొచ్చింది అని నవ్వింది. ఆ నవ్వు చూసి ఇంక దాచలేకపోయాను. మొత్తం విన్నది. ఊపడం ఆపలేదు. "మా నాయన ఊరు ఇడిసి పొయ్యినాడు. నువ్వు నా పక్కన కూర్చోని అన్నం తింటివి" అంది. తరువాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టింది, నీళ్లు పెట్టింది, మాట పెట్టలేదు. ఆ రెండు రోజులూ ట్యాంకును ఎంత కోపంగా ఊపిందంటే దూలం కిర్రుమంది. ఆరేళ్ల తుప్పులో సగం ఆ కోపానికే ఊడిందని నా నమ్మకం.

ఆమె మాట్లాడని రోజుల్లోనే ఇంకో తెలివితక్కువ పని చేశాను. కిరసనాయిలు తరువాత చిక్కటి చింతపండు పులుసు పోసి రెండు రోజులు ఉంచమన్నారు గదా. గుల్లలు తీసేయకుండా, వాటి మీదే పులుసు పోసేశాను. గీకేది గీకుతుంది, పులుపు తినేది తింటుంది, రెండు పనులూ ఒకేసారి అవుతాయని నా లెక్క. పోసిన కాసేపటికి మూతిలోంచి నురుగు పొంగింది. ఆహా పులుపు పని చేస్తోందని సంతోషించాను. రెండో రోజు ఒంపి చూస్తే మిగిలిన తుప్పు తుప్పులాగే ఉంది, పులుసు మాత్రం చప్పబడిపోయింది. నాలుగు వీశెల చింతపండు నేలపాలు. సున్నం బట్టీ పిచ్చమ్మ అటు పోతూ ఆగి, ఆ తెల్లటి మడ్డి చూసి తల కొట్టుకుంది. "గుల్లంటే సున్నం గదరా. పులుపు నీ తుప్పును యాడ తింటది? గుల్లే పులుపును తాగేసింది" అంది. గుల్లలు కాల్చి సున్నం చేసే ఊళ్లో పుట్టి పెరిగినవాణ్ణి, నాకు తట్టలేదు. అది విని గురవమ్మకు నవ్వొచ్చింది. కోపంలో ఉన్నానని గుర్తొచ్చి ఆపుకుంది గాని, ఆ నవ్వుతోనే కొంచెం మెత్తబడింది.

గుల్లలన్నీ దులిపేశాను. పాత సైకిలు గొలుసులు తుంచి లోపల వేసి, మళ్లీ చింతపండు పులుసు పోశాం. ఈసారి చింతపండు గురవమ్మే పిసికింది. మూడో రోజు ఒంపితే నల్లగా, సిరాలాగా వచ్చింది. వెంటనే బూడిద నీళ్లతో కడిగి, మంచినీళ్లతో కడిగి, మిట్టమధ్యాహ్నం కాలే ఇసక మీద బోర్లించి ఆరబెట్టాను. సముద్రపు గాలి మళ్లీ తుప్పు పట్టించకముందే ఇంజను ఆయిలు పోసి నాలుగు వైపులా దొర్లించాను. అద్దంతో చూస్తే లోపల బూడిదరంగులో రేకు కనిపిస్తోంది. నీళ్లు నింపి రాత్రంతా ఉంచాను, ఒక్క చోట మాత్రం చెమర్చింది, టంకం పెట్టాను. ట్యాంకు బతికింది.

సోమవారం పదమూడో తేదీన బండి తీసుకుపోతానని పద్మనాభయ్య గారు కబురు పెట్టారు. ఆ రోజే చెబుతాను. షెడ్డు పోతే పోతుంది, కావలి బస్టాండులో ఏదో ఒక పని దొరుకుతుంది. గురవమ్మ నిన్న రాత్రి మొదటిసారి సరిగ్గా మాట్లాడింది. "నువ్వు చెప్పకుంటే నేను పొయ్యి చెప్తా. మా నాయనను దొంగ అన్న చోటే చెప్పాల" అంది. చెబుతానన్నాను.

మీరు జవాబు రాయకపోయినా నాకు అర్థమైంది. ఇంక మీ గడప తొక్కొద్దంటే తొక్కను. గురవమ్మనూ బిడ్డనూ మాత్రం రానివ్వండి, వాళ్లు ఏ పాపమూ చేయలేదు. మీరు అడగకపోయినా రాస్తున్నాను, పీపా పడుకునే ఉంది.

ఇట్లు,
గంగాధరం.


తడ పోస్టు,
8 మే 1963.

అల్లుడు గంగాధరానికి,

మామ చిన్నపోలయ్య రాయడం. ఇది నా సొంత చేతిరాత. తిమోతి పంతులు పెన్సిలు ఇచ్చి పక్కన కూర్చున్నాడు, పొమ్మన్నాను. తప్పులుంటే సరిదిద్దుకుని చదువుకో. నీ పెద్ద ఉత్తరం చదవడానికి నాకు రెండు రోజులు పట్టింది. తరువాత ఎనిమిది రోజులు ఏం రాయాలో తెలియక పడవలోనే తిరిగాను. మీ అత్తమ్మ, ఉత్తరంలో ఏముండాదో చెప్పకపోతే అన్నం పెట్టనంది. చెప్పాను. నీకు చెప్పాల్సింది కూడా ముందు ఆమెకే చెప్పాను. ఆమె నన్ను తిట్టిన తిట్లు రాయడానికి ఈ కాగితం చాలదు.

నువ్వు అడిగినదానికి జవాబు. నీ కాలువ నీళ్ల సంగతి నాకు తెలుసు. రోడ్డు మీద కాదు, అంతకుముందే, ఆ పొద్దున్నే తెలుసు. మిలిటరీలో డ్రైవరైనవాడు పొద్దున లేచి మొహం కడుక్కోకముందు ట్యాంకు బిరడా వదులు చేసి గ్లాసెడు ఒంపి చూస్తాడు. నీళ్లు పెట్రోలు కంటే బరువు, అడుగునే ఉంటాయి. ఆ పొద్దున ఒంపితే చెంబెడు నీళ్లు వచ్చాయి. నాలిక మీద వేసుకుంటే ఉప్పు. వాన నీళ్లు ఉప్పగా ఉండవు. ఎర్ర డబ్బా చూశాను, లోపల బురద ఉంది. ఈ వెధవ పనే అనుకున్నాను. పెట్రోలు ఒక్కటే వచ్చేదాకా ఒంపేసి బిరడా బిగించాను. నెల్లూరు నుంచి తిరిగొచ్చాక నీ చెవి మెలిపెట్టాలని అనుకున్నాను. అంతే. బండి బయలుదేరేటప్పటికి నీ నీళ్లు అందులో లేవు.

ఇంక నా సంగతి రాయాలి. పెన్సిలు ఇక్కడ రెండుసార్లు కింద పెట్టాను.

నెల్లూరు పోయి రావాలి గదా, పెట్రోలు చాలదేమోనని ఒంపిన తరువాత పీపాలోంచి ఇంకో నాలుగు గ్యాలన్లు నేనే కొట్టి పోశాను. ఆ పీపా గాలివానకు రెండు రోజుల ముందు ఎడ్లబండి మీద వచ్చింది. షెడ్డు కప్పు కారుతుంది. పీపాను పడుకోబెట్టి దుంగలు వెయ్యాలి. నిలబెడితే పైన వాన నీళ్లు మడుగు కడతాయి, పగలు వేడికి పీపా ఊపిరి వదులుతుంది, రాత్రి చలికి లోపలికి పీలుస్తుంది, బిరడా ఎంత బిగించినా ఆ నీళ్లు లోపలికి పోతాయి. ఇది తెలియక ఇంఫాల్ దగ్గర ఒకడు మూడు లారీలు ఆపేస్తే సార్జెంటు వాణ్ణి మా అందరి ముందు గుంజీలు తీయించాడు. అప్పుడు నేను పగలబడి నవ్వాను. తరువాత అల్లూరులో కనిపించినవాడికల్లా పీపా పాఠం చెప్పాను. అలాంటివాణ్ణి, ఆ రోజు దుంగలు వెతకడానికి బద్ధకించి, రేపు చూద్దాంలే అని నేనే నిలబెట్టాను. నాలుగు రోజులు వాన కురిసింది. నేను దాన్ని మరిచాను. నువ్వు పైపైన కొట్టి ఉంటావు, నేను ఆ పొద్దున పంపు అడుగుదాకా దించి కొట్టాను గనక ముందు నీళ్లే వచ్చి ఉంటాయి. అయ్యగారు తొందర చేస్తున్నారు, చీకటి విడలేదు, చూసుకోలేదు.

రోడ్డు మీద నేను వేలు నాలిక మీద పెట్టుకున్నది నువ్వు చూశావు గాని, ఏం రుచి తగిలిందో నీకు తెలియదు. చప్పటి నీళ్లు రా. వాన నీళ్లు. పీపా నీళ్లు. వెనక్కి తిరిగి నిన్ను ఎలా చూసేది? నేనే తలెత్తలేకపోయాను. పద్మనాభయ్య గారు పుట్టినప్పటి నుంచి ఉప్పు అమ్మినాడు, ఆయన కూడా ఒక చుక్క నోట్లో వేసుకుని చూడలేదు.

మరునాడు దొంగ అన్నప్పుడు, దొంగతనం కాదయ్యా, పీపా నిలబెట్టినాను అని ఒక్క మాట చెబితే అయిపోయేది. తిట్టి ఊరుకునేవాడు, ఉద్యోగం ఉండేది. ఆ మాట నోటికి రాలేదు. దొంగ అనిపించుకోగలిగాను గాని పని తెలియని డ్రైవరు అనిపించుకోలేకపోయాను. దొంగ అంటే మనసులో నేను కాదని తెలుసు, నిద్ర పడుతుంది. పని తెలియదంటే అది నిజం. అంత పొగరు నాది. ఊరు వదిలింది ఆయన తిట్టినందుకు కాదు. నువ్వు ముందుకొచ్చి నాది పూచీ అన్నావే, అందుకు. నా తప్పు నాకు తెలిసి నిలబడి ఉంటే, ఏమీ తెలియని కుర్రాడు నా కోసం బతుకు పణం పెట్టాడనుకున్నాను. నీ మొహం చూడలేక ఈ సరస్సు ఒడ్డుకు వచ్చి పడ్డాను. నిన్ను మోసం చేశానని ఆరేళ్లు నేను కుమిలాను, నన్ను ముంచానని నువ్వు కుమిలావు. పెళ్లిలో నీ భుజం మీద చెయ్యి వేసినప్పుడు నీకు అన్నం దిగలేదన్నావు. నాకూ దిగలేదు, కావాలంటే మీ అత్తమ్మను అడుగు. వండించిన చేపల పులుసంతా పెళ్లికొచ్చినవాళ్లే తిన్నారు.

పిల్లను బహుమానంగా ఇచ్చాను అని రాశావు. బహుమానం ఇవ్వడానికి అదేమన్నా వెండి చెంబా? నువ్వంటే దానికి ఇష్టం అని మీ అత్తమ్మ చెప్పింది, ఇచ్చాను. నీ పూచీ మాట నేను ఊళ్లోవాళ్ల కోసం చెప్పినది.

ఇప్పుడు తుప్పు నీది, నీళ్లు నావి. నీ కాలువ నీళ్లు ఒంపినా ఉప్పు తడి మిగిలింది, ట్యాంకును ఆరేళ్లు తుప్పు తిన్నది. దాన్ని నువ్వు కడిగావు. ఇంక నాది కడుక్కోవాలి. సోమవారం నువ్వొక్కడివే పోయి ఆయనతో ఏమీ చెప్పొద్దు. శనివారం పాసింజరుకు నేనూ మీ అత్తమ్మా అల్లూరు రోడ్డు స్టేషన్లో దిగుతాం. సోమవారం కొఠారు దగ్గరికి, ఆ రోజు అందరినీ నిలబెట్టిన చోటికే, ఇద్దరం పోదాం. పెద్దవాణ్ణి గనక ముందు నేను చెబుతాను. దొంగతనం నాది కాదు, అది అక్కడే దించేసి వస్తాను. తెలివితక్కువతనం నాది, దాన్ని ఎత్తుకుంటాను. నీ డబ్బా సంగతి తరువాత నువ్వు చెప్పుకో. ఆయన షెడ్డు ఖాళీ చెయ్యమంటే నీ రేకుల్లో సగం నేను మోస్తాను. బండి మళ్లీ నాకు ఇస్తాడా లేదా అన్నది ఆయన ఇష్టం. ఇవ్వకపోయినా ఆ సీటు మీద ఒక్కసారి కూర్చుని, బిరడా వదులు చేసి ఒక గ్లాసు ఒంపి చూడాలని ఉంది.

ట్యాంకు బిగించేటప్పుడు కింద గోనె ముక్క వెయ్యొద్దు, తడి పట్టుకుంటుంది. తోలు వెయ్యి. గురవమ్మతో నా మీద కూడా రెండు రోజులు కోపంగా ఉండమని చెప్పు, ఒక్కడి మీదే ఉంటే న్యాయం కాదు. చిన్న అంకాలుకు ఉయ్యాల తిరిగి కట్టారా?

ఈసారి పీపా సంగతి అడగడం లేదు.

మీ మామ,
చిన్నపోలయ్య.